పాఠ్యపుస్తకం చదవని తుపాన్లు

తుపాన్లలో క్రమశిక్షణ తగ్గిపోయింది. ఈ మాట అనడానికి నాకు బాధగానే ఉంది, కానీ ఎవరో ఒకరు అనాలి కదా.

పుట్టడానికి వాటికి నిబంధనలు లేకపోలేదు. సముద్రపు నీరు 26.5 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు. పైగాలులు, కిందిగాలులు ఒకదానితో ఒకటి పేచీ పడకూడదు. భూమధ్యరేఖకు అటూ ఇటూ 5 డిగ్రీల లోపల అసలు పుట్టనే కూడదు. భూభ్రమణం వల్ల గాలికి వచ్చే మెలి అక్కడ సుడి తిప్పడానికి చాలదు. ఇంత స్పష్టంగా అచ్చువేసి పెట్టినా, 2001 డిసెంబరులో వామెయ్ అనే టైఫూన్ (పసిఫిక్ వైపు తుపానుకు ఆ పేరు) భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీల దూరంలో, సింగపూర్‌కు చేరువలో పుట్టి కూర్చుంది. ఈశాన్య రుతుపవనాల చలిగాలులు, బోర్నియో దగ్గరి సుడి కలిసి దానికి ఆ మెలిని అరువిచ్చాయట. ఇలాంటిది మళ్లీ రావడానికి 100 నుంచి 400 ఏళ్లు పట్టవచ్చని లెక్క కట్టి, శాస్త్రవేత్తలు పుస్తకం పరువు నిలబెట్టారు.

దక్షిణ అట్లాంటిక్‌ సంగతి మరీ దారుణం. నీరు చల్లన, పైగాలుల పేచీ ఎక్కువ. కాబట్టి అక్కడ హరికేన్లు, అంటే అట్లాంటిక్ వైపు పెద్ద తుపాన్లు, రావని గట్టి నమ్మకం. (ఉపగ్రహాలు రాకముందు ఆ నడిసముద్రాన్ని ఎవరు కాపలా కాశారని అడగకండి, నమ్మకానికి మర్యాద ఉంటుంది.) 2004 మార్చిలో బ్రెజిల్ తీరానికి ఒకటి రానే వచ్చింది. ఉపగ్రహ చిత్రంలో నడిమధ్య కన్ను చక్కగా తెరుచుకుని చూస్తోంది. ఇది హరికేనా కాదా అని నిపుణులు అప్పట్లో వాదించుకున్నారు. నేను కాదన్నవారి పక్షం. హరికేన్లు రాని సముద్రంలో వచ్చింది హరికేన్ ఎలా అవుతుంది? మార్చి 28న వేల ఇళ్ల కప్పులు లేచిపోయిన మాట నిజమే. అది వేరే శాఖ.

ఆపైన పేరు చిక్కు. రానివాటికి పేర్ల జాబితా ఎవరు రాసిపెడతారు? చివరికి అది దెబ్బకొట్టిన శాంటా కాటరీనా రాష్ట్రం పేరే దానికి దక్కింది, దొంగకు ఇంటి యజమాని పేరు పెట్టినట్టు. బుద్ధి తెచ్చుకుని బ్రెజిల్ నౌకాదళం 2011లో జాబితా తయారుచేసింది. ఆ ఏడాదే అరానీ వచ్చి మొదటి పేరు పట్టుకుపోయింది. ఉయ్యాల కట్టి పిలిస్తే రాకేం చేస్తాయి?

2005 అక్టోబరులో విన్స్ అనే తుపాను అట్లాంటిక్‌లోని మదీరా దీవుల దగ్గర, నిబంధన కంటే రెండు మూడు డిగ్రీలు చల్లటి నీటిలోనే హరికేన్ అయింది. బలం తగ్గాక స్పెయిన్‌లో తీరం దాటింది. పైన గాలి ఇంకా చల్లగా ఉండటంతో ఆ తేడాయే సరిపోయిందని వివరణ. తప్పు చేసిన ప్రతివారి దగ్గరా వివరణ ఉంటుంది. సముద్రాలు వేడెక్కుతున్నాయని మరికొందరు అడ్డుపడతారు. నిజమే కావచ్చు, కానీ నీరు ఎంతకు తగ్గకూడదో రాసుకున్నాం గానీ ఎక్కడెక్కడ కాగకూడదో రాసుకోలేదు. ఆ సవరణ పెండింగులో ఉంది.

2017 అక్టోబరులో అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల వైపు బలపడిన ఒఫీలియా అనే హరికేన్ ఐర్లాండు దారి పట్టింది. అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం విడుదల చేసిన గాలుల అంచనా పటంలో రంగులు ఉత్తరాన ఒకచోట కత్తిరించినట్టు ఆగిపోయాయి. హరికేన్ అంత పైదాకా వెళుతుందని పటం గీసినవారు అనుకోలేదు మరి. ఈ మొత్తం వ్యవహారంలో పద్ధతిగా నడుచుకున్నది నా దృష్టిలో ఆ పటం ఒక్కటే. హద్దు రాగానే ఆగింది.