మధ్యధరా చెరువు కాదు, బావగారూ

ఎండలు ముదరగానే మా కుటుంబ వాట్సాప్ బృందంలోకి ఒక సందేశం వచ్చి పడుతుంది. మొదట ఎవరు రాశారో తెలియదు కానీ ఏటేటా రెండు వాక్యాలు పెరుగుతుంది. ఈసారి దాన్ని పంపినది మా బావగారు. "ఐరోపా వెళ్ళే తెలుగువారికి ముఖ్య గమనిక" అని మొదలయ్యే ఆ సందేశం ప్రకారం, ఫ్రాన్సు దక్షిణ తీరంలో నీస్ చుట్టుపక్కల బీచ్‌లన్నీ రాళ్ళే కనుక అక్కడికి వెళ్ళడం దండగ. మధ్యధరా సముద్రం చెరువులాంటిది, ఆటుపోట్లు, అలలు ఉండవు కనుక ఈత రానివారు కూడా నడుము లోతు వరకు దిగవచ్చు. మంచి చోట్లన్నీ డబ్బున్నవారి సొంతం. ఒడ్డున నల్లటి చెత్త కనిపిస్తే ఆ నీరు మురికిది. మన చర్మానికి అక్కడి ఎండ ఒక లెక్క కాదు. మన ఆడవాళ్ళు ఒంటినిండా బట్టలతో దిగితే జరిమానా వేస్తారు.

బావగారు జులైలో అక్కయ్యను, ఇద్దరు పిల్లలను తీసుకుని వస్తున్నారు. "నువ్వు అక్కడే ఉంటున్నావు కదా, ఇందులో నిజమెంత?" అని అడిగారు. నేను ఉండేది నీస్‌కు దగ్గర్లోని ఆంటీబ్‌లో. ఊరికి ఆనుకుని సోఫియా ఆంటిపోలిస్ అనే సాంకేతిక పార్కు ఉంది. 1969లో మొదలైన ఆ పార్కు పుణ్యమా అని ఈ తీరంలో అక్కడక్కడా తెలుగు ఇళ్ళు కూడా కనిపిస్తాయి. ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కనుక రాస్తున్నాను.

ముందుగా ఆ చెరువు మాట సంగతి చూద్దాం. మిగతావి నమ్మితే మహా అయితే సెలవు చెడుతుంది, ఇది నమ్మితే మనిషే పోవచ్చు.

ఆటుపోట్లు దాదాపు లేవన్నది నిజమే. విశాఖలో పోటుకూ పాటుకూ తేడా ఒకటిన్నర మీటరు దాకా ఉంటుంది, నీస్ దగ్గర అది ఒక అడుగు కూడా ఉండదు. అయితే ఒడ్డును కొట్టే అలకు తల్లి గాలి. ఆటుపోట్లు లేనంత మాత్రాన గాలి వీయడం మానుతుందా? తూర్పుగాలి ఒక పగలంతా పట్టిందంటే, పొద్దున అద్దంలా ఉన్న చోటే సాయంత్రానికి పెద్ద అలలు విరుగుతుంటాయి. బంగాళాఖాతంలో అలకూ అలకూ మధ్య ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటుంది. ఇక్కడి అలలు పొట్టివి, నిటారైనవి, ఒకదాని మడమ తొక్కుతూ ఇంకొకటి వస్తాయి. విశాఖ సముద్రం దూరం నుంచే గర్జిస్తుంది, మనకు భయం దానంతటదే పుడుతుంది. ఇది చడీచప్పుడూ లేకుండా ఉండి మనిషిని పిలుస్తుంది.

ఇక నడుము లోతు వరకు దిగవచ్చన్న సలహా. నీస్‌లో నడుము లోతు అనేది దాదాపు లేదు! సూర్యలంకలో నీటిలోకి నడుస్తూ పోతే లోతు మెల్లగా పెరుగుతుంది. నీస్‌లో నాలుగడుగులు వేస్తే మోకాలు, ఇంకో రెండు వేస్తే కాలికి నేల తగలదు. అడుగునేల అంత ఏటవాలుగా సాగి, ఒడ్డుకు కాస్త దూరంలోనే వందల మీటర్ల లోతుకు దిగిపోతుంది. 1979 అక్టోబరు 16న నీస్ విమానాశ్రయం పక్కన కడుతున్న ఓడరేవు భాగం ఒకటి ఆ వాలులోకి జారి మునిగిపోయింది. కొందరు ప్రాణాలు కోల్పోయారు. అది లేపిన అల ఆంటీబ్ దాకా వచ్చింది. నీరు స్వచ్ఛంగా ఉండడం కూడా ఒక మోసమే. నాలుగు మీటర్ల లోతున ఉన్న నేల పైనుంచి చూస్తే మూడు మీటర్లలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. గ్లాసులో వేసిన చెంచా విరిగినట్టు కనిపించడానికి కారణమేదో దీనికీ అదే. గులకరాయి స్పష్టంగా కనిపిస్తోంది కదా అని దూకినవారికి ఆ తేడా దూకాకే తెలుస్తుంది.

ఉప్పు ఎక్కువ కనుక మనిషి తేలిపోతాడని కూడా ఆ సందేశంలో ఎవరో ఈ ఏడు చేర్చారు. ఉప్పు ఎక్కువే. మహాసముద్రాల్లో లీటరుకు సగటున 35 గ్రాములుంటే ఇక్కడ 38 దాకా ఉంటుంది. ఈ మూడు గ్రాములు ఈత వచ్చినవాడికి కాస్త సుఖం, రానివాడికి ఏమీ కాదు.

అసలు ప్రమాదం చాలావరకు నీటిలోంచి బయటికి వచ్చేటప్పుడే ఉంటుంది. ఒక సెప్టెంబరు సాయంత్రం నీస్ ఒడ్డున కూర్చుని ఉండగా ఇద్దరు కుర్రాళ్ళు బయటికి రావడానికి తంటాలు పడుతున్నారు. నిలబడతారు, వెనక నుంచి అల వచ్చి కాళ్ళ కింది గులకరాళ్ళను గలగలమని లాగేస్తుంది, పడతారు. లేచేలోగా ఇంకో అల. వాళ్ళకు పది గజాల దూరంలో డెబ్భై ఏళ్ళు దాటిన ఒక పెద్దావిడ ఈదుకుంటూ వచ్చి, అల విరిగే చోటుకు కాస్త ముందే ఆగింది. తల తిప్పి సముద్రం వైపు చూస్తూ పెద్ద అలలు రెండు పోనిచ్చింది. చిన్నదాని వీపున ఒడ్డు చేరి, నిలబడే ప్రయత్నమే చేయకుండా సముద్రానికి ఎదురుగా కూర్చుండిపోయింది. ఆ తర్వాత చేతులు వెనక్కి ఆనించి, పిల్లలు మెట్లు ఎక్కినట్టు కూర్చునే వెనక్కి జరుగుతూ పైకి వచ్చేసింది. తువ్వాలు తీసుకుని తల తుడుచుకునేసరికి ఆ కుర్రాళ్ళు ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నారు.

ఇసుక ఉందా, రాళ్ళు ఉన్నాయా అని చూసే ముందు నేను చూసేది, దిగితే ఎక్కడి నుంచి బయటికి రావాలి అన్నది. ఈ సంగతి ఒళ్ళు గీరుకుపోయాక నేర్చుకున్నాను. మొదటి వేసవిలో, ఆంటీబ్ పక్కన సముద్రంలోకి చొచ్చుకుపోయిన కాప్ దాంటీబ్ బండల మీద నుంచి సరదాగా దిగాను. దిగడం చిటికెలో పని. తిరిగి వచ్చేసరికి చేయి వేసిన ప్రతి చోటా నాచు. నీటి మట్టం దగ్గర ముదురాకుపచ్చని పట్టీలా కనిపిస్తుంది చూడండి, అది నూనె రాసిన పెనంతో సమానం. అల పైకెత్తినప్పుడు బండ అంచు అందుతుంది, దిగినప్పుడు బండకు అంటుకున్న గవ్వల మీదుగా మోకాలు గీసుకుంటూ కిందికి. చివరికి అక్కడ రోజూ ఈదే ఒకాయన ఇరవై గజాల అవతల ఉన్న ఇనుప నిచ్చెన చూపించాడు. అది నేను దిగిన చోటు నుంచి కనిపిస్తూనే ఉంది, నేనే చూడలేదు.

ఇప్పుడు బండల మీదికి వెళ్తే నేరుగా నీటిలోకి దిగను. పది నిమిషాలు ఊరికే కూర్చుంటాను. అల ఎంత ఎత్తుకు తడుపుతోంది, నిచ్చెనో మెట్లో ఎక్కడున్నాయి, అక్కడివాళ్ళు ఎటు నుంచి ఎక్కుతున్నారు అన్నవి చూస్తాను. పెద్ద ఓడ ఒకటి దూరంగా పోతే దాని అల కొన్ని నిమిషాల తర్వాత ఒడ్డు చేరుతుంది, గాలి లేని రోజు కూడా. నీటి కింది బండల పగుళ్ళలో నల్లని ముళ్ళబంతుల్లాంటి ప్రాణులు ఉంటాయి, వాటి ముల్లు అరికాలిలో విరిగితే వారం రోజులు గుర్తుంటుంది. అందుకే రబ్బరు అడుగున్న నీటి చెప్పులు తప్పవు. కాప్ దాంటీబ్ చుట్టూ సముద్రపు అంచున నడిచే కాలిబాటను అలలు ఎక్కువగా ఉన్న రోజున మూసేస్తారు. ఆ బాట మూసి ఉంటే నేను బండల జోలికే పోను.

రాళ్ళంటే దండగ అన్న మాటకు కూడా జవాబు ఇందులోనే కొంత వచ్చింది. నీస్ గులకరాళ్ళు ఆల్ప్స్ కొండల నుంచి వార్, పయ్యోన్ నదులు దొర్లించుకొచ్చినవి. అరచేతిలో పట్టే, బూడిద రంగు, నున్నని రాళ్ళు. రేణువులు లేవడానికి ఇసుక లేదు కనుక నీరు తేటగా ఉంటుంది, తెచ్చుకున్న పులిహోరలో ఇసుక పడదు. వట్టి తువ్వాలు పరిచి పడుకుంటే మాత్రం వీపు విరుగుతుంది, ఒప్పుకుంటాను. మందపాటి చాప ఉండాలి. అసలు ఇసుక లేదన్నదే తప్పు. ఆంటీబ్ పాత కోట గోడ పక్కన గ్రావెట్, ఊరికి దక్షిణాన సాలీస్, రెండూ ఇసుక బీచ్‌లే. నీస్ పక్కనున్న విల్‌ఫ్రాంష్‌లో రైలు దిగితే కింద కనిపించే మారినియేర్‌ది ముతక ఇసుక. అలాగని ఇసుకలో ఏ భయమూ లేదనుకోవద్దు. అందులో తల మాత్రం బయట పెట్టి దాక్కునే వీవర్ అనే చేప ఉంటుంది, తొక్కితే దాని వీపు ముల్లు విషం ఎక్కిస్తుంది.

మంచి చోట్లన్నీ డబ్బున్నవారివే అన్నది వినడానికి నిజంలా ఉంటుంది. ఎర్రని గొడుగులు, పడక కుర్చీలు వరుసగా కనిపిస్తే మనకు లోపలికి అడుగు వేయాలనిపించదు. ఫ్రాన్సులో 1986 నాటి తీర చట్టం ప్రకారం పాదచారులకు బీచ్ ఎవరికైనా ఉచితం. 2006 నాటి ఉత్తర్వు ప్రకారం సహజమైన బీచ్‌లో పొడవులోనూ విస్తీర్ణంలోనూ 80 శాతం కట్టడాలు లేకుండా వదలాలి. ఆ గొడుగుల వ్యాపారం నడిచేది లీజుకు తీసుకున్న మిగతా ముక్కలో. వాళ్ళ ముందు నుంచి నీటి అంచున నడుచుకుంటూ పోవడానికి ఎవరినీ అడగనక్కరలేదు. 2015 జులైలో సౌదీ రాజు సల్మాన్ సెలవుల కోసం ఆంటీబ్ పక్కనున్న వల్లోరిస్‌లో ఆయన భవనం కింద ఉన్న మిరాందోల్ బీచ్‌ను మూసేస్తే లక్షకు పైగా జనం నిరసన పత్రం మీద సంతకాలు చేశారు. రాజు అనుకున్నదానికన్నా ముందే వెళ్ళిపోయారు. బహుశా ఈ సందేశం రాసినవారు సరిహద్దు దాటి ఇటలీ వైపు లిగూరియా తీరం చూసి ఉంటారు. అక్కడ డబ్బు కట్టే బీచ్‌ల వరుసే ఎక్కువ. అయితే నీటి అంచు దాకా నడిచే హక్కు అక్కడా ఉంది.

నల్లటి చెత్త సంగతి ఒక్క మాటలో చెప్పవచ్చు, అది చెత్త కాదు. పోసిడోనియా అనే సముద్రపు గడ్డి ఎండుటాకులు. నాచులా కనిపించినా అది పూలూ కాయలూ వేసే మొక్క. ఇక్కడి రకం మధ్యధరాలో తప్ప పెరగదు. ఆ ఆకుల దిబ్బలు చలికాలపు అలల నుంచి ఒడ్డును కాపాడతాయి. ఫ్రాన్సులో 1988 నుంచి ఈ మొక్కకు చట్టరక్షణ ఉంది. 2019 తర్వాత 24 మీటర్లకు మించిన పడవలు దాని మీద లంగరు వేయకుండా ఆంక్షలు కూడా పెట్టారు. వాసన వస్తుందన్నది నిజం, నాలుగడుగులు అవతల కూర్చుంటే సరి. నిజంగా భయపడాల్సిన గుర్తు ఊదారంగు జెండా. నీటిలో కాలుష్యమో, జెల్లీఫిష్‌లాంటి ప్రాణులో ఉన్నాయని దాని అర్థం. ఇక్కడి చిన్న ఊదారంగు జెల్లీఫిష్ తగిలితే వాత పెట్టినట్టే ఉంటుంది. అప్పుడు మంచినీళ్ళతో కడగకూడదు, సముద్రపు నీటితోనే కడగాలి.

ఎండ గురించి రాయాలంటే నవ్వొస్తుంది. మనం ఎండలో పరిచేవి వడియాలు, మిరపకాయలు. మనుషులు పరుచుకోవడం చూసి మొదట్లో నేనూ ముక్కున వేలేసుకున్నాను. మన చర్మంలోని రంగు కొంత కాపాడుతుంది, అంతవరకు నిజం. తెల్లవారికి అరగంటలో అయ్యేది మనకు ఇంకాస్త ఆలస్యంగా అవుతుంది, అంతే తేడా. హైదరాబాదు ఎండ ఒళ్ళు మండించి లోపలికి తరుముతుంది. ఇక్కడ 28 డిగ్రీలు, సముద్రపు గాలి, తడి ఒళ్ళు, హాయిగా ఉంటుంది. భుజాలు, మెడ వెనక చర్మం కాలిన సంగతి రాత్రి పక్క మీద వాలినప్పుడు తెలుస్తుంది. ఇంకో తిరకాసు, ఇక్కడి వేసవి గడియారం. పన్నెండు గంటల ఎండ తప్పించుకున్నాం కదా అని ఒంటిగంటకు బయలుదేరేవారు సరిగ్గా నడినెత్తి సూర్యుడి కిందికి వస్తారు. జులైలో నీస్‌లో సూర్యుడు నడినెత్తికి చేరేది ఒకటిన్నర దాటాక. పొద్దు గూకేది రాత్రి తొమ్మిది ప్రాంతంలో. కాబట్టి నాలుగున్నరకు బయలుదేరినా బోలెడు పగలు మిగిలి ఉంటుంది.

ఏ గంటకు నీడ ఎటు పడుతుందో చూసుకుంటే చోటు ఎంచుకోవడం తేలిక. నీస్ దగ్గరి కాప్ ఫెరా ద్వీపకల్పానికి తూర్పున పలోమా, పడమట పసాబ్ల్ అని రెండు చిన్న బీచ్‌లున్నాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి కాలినడకన పోవచ్చు. పొద్దున ఎండ కావాలంటే పలోమా, మధ్యాహ్నం దాటితే కొండ నీడ దాని మీదికి వచ్చేస్తుంది. సాయంత్రపు ఎండ కావాలంటే పసాబ్ల్. తూర్పుగాలి పట్టిన రోజు పలోమా మీద అల, పసాబ్ల్ ప్రశాంతం. ఈ తీరంలో కొమ్ములూ మలుపులూ ఎక్కువ కనుక, ఒక పక్క బాగాలేకపోతే ఇంకో పక్క బాగుంటుంది.

బట్టల గురించి అక్కయ్య విడిగా ఫోను చేసి అడిగింది. 2016లో విల్‌నవ్ లూబే పట్టణం ఒంటినిండా కప్పుకునే ఈత దుస్తులను బీచ్‌లో నిషేధిస్తే, అదే ఏడు ఆగస్టు 26న ఫ్రాన్సు అత్యున్నత పాలనా న్యాయస్థానం ఆ నిషేధాన్ని నిలిపివేసింది. ఆ ఊరు ఆంటీబ్ పక్కనే. ఈత కొలనుల నియమాలు వేరు, అక్కడ గొడవ ఉంటుంది. అయితే నూలు చుడీదారు వద్దన్నాను. తడిస్తే బరువై కాళ్ళకు చుట్టుకుంటుంది. పొడవు చేతుల ఈత దుస్తులు దొరుకుతాయి, ఎండకూ అవే మేలు.

పిల్లల విషయంలో మాత్రం, రాళ్ళు వద్దన్న సందేశం రాసినవారితో నాకు పేచీ లేదు. ఆరేళ్ళ చిన్నవాడికి ఇసుకే కావాలి, అందుకే మొదటి సాయంత్రం సాలీస్‌కు వెళ్తున్నాం. ఎరుపు, పసుపు కలిసిన జెండాల మధ్య, కాపలా ఉన్నంతసేపే. బండల మీదికి బావగారు ఒక్కరినే, అదీ గాలి లేని పొద్దున తీసుకెళ్తాను. నీటి చెప్పులు ఇక్కడే కొంటాను, పాదాల కొలతలు పంపమని బృందంలో పెట్టాను. అక్కయ్యవీ పిల్లలవీ వచ్చాయి. బావగారివి రాలేదు కానీ, ఆయన నుంచి ఇంకో సందేశం వచ్చింది: స్విట్జర్లాండులో కుళాయి నీళ్ళు తాగకూడదట.