దేవుడు దిగి రావడంపై కొన్ని అభ్యంతరాలు

దేవుడి మీద నాకు కోపమేమీ లేదు. ప్రతి ఆదివారం చర్చిలో రెండో వరుసలో కూర్చుంటాను. పోయిన క్రిస్మస్‌కి సున్నం కొట్టించిందీ నేనే. కానీ ఆదోని పక్కన పదెకరాల పత్తి పెట్టినవాడిగా, ఆయన పనితీరు మీద నాలుగు మాటలు చెప్పక తప్పదు.

అసలు ఆయనకు పద్ధతి లేదు. మన దగ్గర కష్టమొస్తే సోమవారం అర్జీ పెట్టాలి. ఆధార్ జిరాక్స్ జత చేయాలి, రసీదు దాచుకోవాలి, సమస్య తీరిపోయిందని ఫోన్‌కి మెసేజ్ వచ్చేదాకా ఓపిక పట్టాలి. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, ఇటుకలు చేసే బానిసలు ఏం చేశారు? మూలిగారు. అంతే. ఆ మూలుగునే అర్జీ కింద తీసుకుని, నిర్గమకాండం మూడో అధ్యాయానికల్లా ‘చూశాను, విన్నాను, దిగి వచ్చాను’ అనేశాడు. పైవాడే దిగొస్తే మధ్యలో ఉన్నవాళ్ల గతేంటి?

ఆ దేశపు రాజు ఫరో తరఫున ఒక్కరూ మాట్లాడరు. గడ్డి ఇవ్వకుండా ఇటుకల లెక్క మాత్రం తగ్గొద్దన్నాడు, సరే, అది తప్పే అనుకుందాం. ‘మీరు సోమరులు’ అన్నదాంట్లో తప్పేముంది? ఉపాధి పని వచ్చినప్పటి నుంచి మా రచ్చబండ మీద మేమంటున్నదీ అదే. కూలీల సంగతి అంత బాగా తెలిసిన మనిషి సైన్యాన్ని సముద్రంలో ముంచేశారు.

హాగరు సంగతి చూడండి. శారయి ఇంట్లో దాసి, కడుపుతో ఉండి, పెట్టే బాధలు పడలేక పారిపోయింది. ఎడారిలో నీటి బుగ్గ దగ్గరున్నదాన్ని దూతే వెతుక్కుంటూ వెళ్లి పలకరించాడు. పుట్టబోయేవాడికి ఇష్మాయేలని పేరు పెట్టమన్నాడు, అంటే దేవుడు వింటాడని. ఆమె ఏకంగా దేవుడికే ‘నన్ను చూసే దేవుడు’ అని పేరు పెట్టింది. అయితే ‘నీ యజమానురాలి దగ్గరికి తిరిగి వెళ్లు’ అన్న మాట కూడా అక్కడే ఉంది. నా బైబిల్లో ఎర్రపెన్ను గీత పడిన వచనం అదొక్కటే.

ఇక ఆమోసు ప్రవక్త. తెకోవ ఊరి గొర్రెల కాపరి. గొర్రెలు కాసుకునేవాడికి కాటాతో ఏం పని? దొంగ త్రాసులంటాడు, చెప్పుల జత కోసం బీదల్ని కొంటున్నారంటాడు. మేం కూలోళ్ల పత్తి తూచేటప్పుడు సంచి బరువని కొంత, తేమని కొంత తరుగు తీస్తాం. దాన్ని ఆచారం అంటారు.

అన్నింటికంటే ఇబ్బంది ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంతో. ఏ రోజు కూలి ఆ రోజే, పొద్దు గుంకకముందే ఇచ్చేయాలట. యాకోబు పత్రికైతే ఇంకో మెట్టెక్కి, బిగబట్టిన కూలి డబ్బే మొరపెడుతుందంటుంది. రాత్రి బీరువాకి చెవి ఆనించి విన్నాను. ఏ చప్పుడూ లేదు.

ఇది రాస్తుంటే వాకిట్లో వేపచెట్టు కింద ఒకామె కూర్చుని ఉంది. పొద్దున పదింటికి వచ్చింది. పక్కన బియ్యం మూట, చాప, ఒక సత్తు గిన్నె, చంటిపిల్ల. ఊరు ఊరంతా సుగ్గికి పోతోంది, గుంటూరు వైపు మిరప కోతకు. “రేత్రికి లారీ వస్తాదన్నా, మా లెక్క ఇయ్యి” అంటుంది. పది రోజుల పత్తి కూలి. గట్టిగా అడిగితే నేనూ గట్టిగానే చెప్పేవాణ్ని, అలా అడగదు. పత్తికాయల డొప్పలు గీరుకుని ఆ వేళ్ల కొసలు నల్లగా పగిలి ఉన్నాయి. వాటితోనే పిల్ల ముక్కు తుడుస్తోంది.

లారీ ఎక్కిందంటే ఉగాది దాకా నాకు టెన్షన్ లేదు. మా ఆవిడ టీ ఇస్తానంటే వద్దన్నాను, తాగితే ఇంకో గంట కూర్చుంటుంది. కిటికీలోంచి చూశాను. నా వైపు చూడటం లేదు, పైకి చూస్తోంది. పొద్దు ఇంకా బారెడుంది.