కాలేజీ లైబ్రరీ అంటే ప్రింటర్ ఒక్కటే కాదు

కెనడాలో చదువుకుంటున్న మన తెలుగు పిల్లల కోసం, ఇక్కడి ఆదివాసుల గురించి లైబ్రరీలో ఏమేం దొరుకుతాయో రాస్తున్నా. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

"ఇక్కడి నేటివ్స్‌కి అన్నీ ఫ్రీ అంట అన్నా. ట్యాక్స్ కూడా కట్టక్కర్లేదంట." దేశంలో దిగి ఒక్క సెమిస్టర్ కూడా పూర్తికానివాళ్ళ నోట ఈ మాట వింటున్నా. ఎవరు చెప్పారంటే రూమ్మేట్. అతనికెవరు చెప్పారంటే వేర్‌హౌస్‌లో తోటి పనివాడు. ఊళ్ళో రిజర్వేషన్ల మీద, ఏజెన్సీ వాళ్ళ మీద అనే మాటలే ఇవి, మనుషులు మాత్రం మారారు. నిజం తెలుసుకోవడానికి కావలసిన సామగ్రి మీ స్టూడెంట్ కార్డు మీదే ఉంది కాబట్టి నాకు మరీ ఒళ్ళు మండుతుంది.

ట్యాక్స్ సంగతే చూద్దాం. ఇండియన్ యాక్ట్ (ఇక్కడ 'ఇండియన్' అంటే మనం కాదు, ఈ నేల ఆదివాసులు) కింద నమోదైన ఫస్ట్ నేషన్స్ అనే ఆదివాసీ జాతుల వాళ్ళకి, అదీ ముఖ్యంగా రిజర్వ్ మీద, అంటే వాళ్ళకి కేటాయించిన భూమి మీద, వచ్చే ఆదాయానికే మినహాయింపు. టొరంటోలో ఆఫీసు ఉద్యోగం చేసేవాళ్ళు మామూలుగా మనలాగే కడతారు. ఇన్యూట్, మేటీ అనే మిగతా ఆదివాసీ ప్రజలకి ఆ మినహాయింపు వర్తించదు.

అసలు ఆ చట్టమేమిటో తెలియాలంటే బాబ్ జోసెఫ్ 2018లో వేసిన '21 థింగ్స్ యూ మే నాట్ నో అబౌట్ ది ఇండియన్ యాక్ట్' తీసుకోండి. చిన్న పుస్తకం, ఇంగ్లీషు కూడా సులువు. 1876 నాటి ఆ చట్టం వాళ్ళ బతుకుల్లో ఎంత లోపలికి చొరబడిందో అందులో ఉంది. పాట్‌లాచ్ అనే, కానుకలు పంచిపెట్టే సంప్రదాయ వేడుక జరుపుకోవడం 1885 నుంచి 1951 దాకా నేరం. 1927 నుంచి 1951 దాకా, భూమి హక్కుల కోసం లాయర్‌ని పెట్టుకుందామని ప్రభుత్వ అనుమతి లేకుండా డబ్బు పోగుచేసినా నేరమే. బయటివాడిని పెళ్ళి చేసుకున్న ఆడపిల్లకి ఆ చట్టం కింద ఉన్న గుర్తింపే పోయేది, 1985 దాకా. ఇవన్నీ చదివాక "అన్నీ ఫ్రీ" అనడానికి నోరు రాదు.

చదివే ఓపిక లేకపోతే సినిమాలున్నాయి. అబెనాకీ జాతికి చెందిన దర్శకురాలు అలానిస్ ఒబొమ్‌సావిన్ 1993లో తీసిన 'కనెసటాకే: 270 ఇయర్స్ ఆఫ్ రెసిస్టెన్స్' తప్పకుండా చూడండి. క్యూబెక్‌లోని ఓకాలో గోల్ఫ్ కోర్సు పెంచుకోవడానికి మొహాక్ జాతివాళ్ళ పైన్ తోపునీ పూర్వీకుల శ్మశానాన్నీ కలిపేసుకోబోతే, 1990లో వాళ్ళు 78 రోజులు ముందు పోలీసులకీ, తర్వాత సైన్యానికీ ఎదురు నిలిచారు. ఆవిడ బారికేడ్ల లోపలే ఉండి తీశారు. పోలవరం ముంపు గ్రామాల కోయల గోడు తెలిసినవాళ్ళకి ఇందులో చాలా సంగతులు పరిచయమైనవే. నేషనల్ ఫిల్మ్ బోర్డ్ సైటులో ఆదివాసీ దర్శకుల సినిమాలు ఎన్నో ఉచితంగా ఉన్నాయి. ఇన్యూట్ భాషలోనే తీసి, 2001లో కాన్ చిత్రోత్సవంలో కెమెరా డోర్ (దర్శకుల తొలి సినిమాకిచ్చే బహుమతి) గెలిచిన 'అతనార్జువాత్' డీవీడీ కోసం లైబ్రరీలో అడిగి చూడండి.

ఇక వెతకడం. ఇక్కడ నా కోపం లైబ్రరీల మీద. పుస్తకాలు సర్దడానికి అమెరికా వాళ్ళ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతి వాడే చోట ఈ పుస్తకాల్లో చాలావాటిని 'ఇ' విభాగంలో, అంటే అమెరికా చరిత్రలో, పెట్టేస్తారు. ఈ రోజు బతికున్న మనుషులు, కోర్టుల్లో కేసులు నడుపుతున్న మనుషులు చరిత్ర షెల్ఫులోనా? అందులోనూ జాతుల పేర్లు అక్షరక్రమంలో ఉంటాయి కాబట్టి ఇరుగుపొరుగు జాతులు ఎక్కడెక్కడో పడతాయి. క్యూబెక్‌లోని కానావాకేకి చెందిన బ్రయాన్ డీర్ అనే మొహాక్ లైబ్రేరియన్ 1970లలోనే దీనికి జవాబుగా, భూమినీ జాతుల మధ్య సంబంధాలనూ బట్టి సర్దే పద్ధతి తయారుచేశారు. వాంకూవర్‌లో యూబీసీ (యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియా) వాళ్ళ హ్వైహ్వా లైబ్రరీ దాన్నే మార్చుకుని వాడుతోంది. అక్కడ సాధ్యమైనది మిగతా చోట్ల ఎందుకు కాదు?

అది మారేలోపు మీరు చేయగలిగింది ఒకటుంది. ఓరియెంటేషన్‌లో "ఈ నేల ఫలానా ప్రజలది" అని చదువుతారు కదా, అందరూ ఫోన్లు చూసుకునే సమయంలో? ఆ పేర్లు రాసుకుని కేటలాగ్‌లో ఒక్కొక్కటే కొట్టండి. మిస్సిసాగాలో అద్దెకుంటున్న మనవాళ్ళలో ఎంతమందికి తెలుసు, అది ఒక జాతి పేరని, మిస్సిసాగాస్ ఆఫ్ ది క్రెడిట్ ఇప్పటికీ ఒంటారియోలోనే ఉన్నారని, టొరంటో భూమి విషయంలో జరిగిన అన్యాయానికి 2010లో కెనడా ప్రభుత్వం వాళ్ళతో 14.5 కోట్ల డాలర్లకి ఒప్పందం చేసుకుందని?

ఒక్క షెల్ఫు చూసి ఇంతేనా అని వెనక్కి రాకండి. రిచర్డ్ వాగమీస్ 'ఇండియన్ హార్స్' లాంటి నవలలు సాహిత్యంలో ఉంటాయి, చట్టం వేరే చోట, సినిమాలు ఆన్‌లైన్‌లో. కాలేజీ లైబ్రరీ సైటులో ఇండిజినస్ స్టడీస్ గైడ్ ఉంటే ముందు అది తెరవండి. లేకపోతే కౌంటర్ దగ్గరికెళ్ళి అడగండి, చెప్పడమే వాళ్ళ ఉద్యోగం. పుస్తకం అక్కడ లేకపోతే వేరే లైబ్రరీ నుంచి తెప్పించమనండి. ఆ సేవకి కూడా మీ ఫీజులోంచే డబ్బు పోతోంది.

సెప్టెంబర్ 30, అంటే ఆదివాసీ పిల్లల్ని ఇళ్ళ నుంచి విడదీసి పెట్టిన రెసిడెన్షియల్ స్కూళ్ళని గుర్తుచేసుకునే రోజు. దానికి ముందు ఈ పుస్తకాలన్నీ గుమ్మం దగ్గర బల్ల మీద పేరుస్తారు, ఆ రోజుకి గుర్తైన నారింజ చొక్కాల పోస్టర్లతో. మీరు జనవరిలో అడగండి, మార్చిలో అడగండి. ఎప్పుడూ ఎవరో ఒకరు తీసుకెళ్తుంటే ఇంకో కాపీ కొంటారు.