మలుపులో లేని వేపచెట్టు

హనుమకొండలో మా వీధి మలుపున ఉన్న వేపచెట్టును, కరెంటు తీగలకు కొమ్మలు తగులుతున్నాయన్న సాకుతో, కొమ్మలతో సరిపెట్టకుండా మొదలంటా నరికివేశారు. మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరే ఈ ఊళ్లో కూరగాయలమ్మే అవ్వ, ఆటోవాళ్లు, బడిపిల్లలు ఆ నీడకే చేరేవారు. ఇప్పుడు అవ్వ చిరిగిన గొడుగు కింద కూర్చుంటున్నది. ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు చుట్టూ ఉన్న గాలిని కూడా చల్లబరుస్తుంది. ఆ పని ఏ రేకుల షెడ్డూ చేయలేదు.

2015లో తెలంగాణ ప్రభుత్వ మొక్కలు నాటే కార్యక్రమం హరితహారం మొదలైన నాటి నుంచి మనం ఏటా వానకాలం మొక్కలు నాటుతూనే ఉన్నాం, ఫొటోలు దిగుతూనే ఉన్నాం (అందులో మనకు సాటి లేదు). వేసవిలో బిందెడు నీళ్లు పోసేవారు మాత్రం కనిపించరు. బతికి బట్టకట్టిన కొన్నింటి మొదళ్ల చుట్టూ జానెడు మట్టైనా వదలకుండా సిమెంటు పోస్తాం. వాన నీరు ఇంకక, వేళ్లకు గాలి ఆడక అవి గాలిదుమారానికి ఒరిగితే, చెట్లే ప్రమాదమని మళ్లీ గొడ్డలి పడతాం.

చెట్టు కొట్టడానికి అనుమతి కావాలని చెప్పే వాల్టా చట్టం 2002 నుంచే ఉన్నది. అనుమతి ఏదని అడిగితే, "ఇంకో మొక్క పెడతం సార్" అన్నాడు రంపం పట్టిన యువకుడు. పెట్టారు కూడా. ఆ మోకాలెత్తు మొక్కను నిన్న మేక మేసింది.