వింగ్ ఆట బలం క్రాస్‌ల లెక్కలో లేదు

2014 ఫిబ్రవరి 9న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో జరిగిన ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ 81 క్రాస్‌లు (అంచు నుంచి గోల్ ముందుకు పంపే బంతులు) కొట్టింది. ప్రత్యర్థి ఫుల్హామ్ అప్పటికి పట్టికలో అట్టడుగున ఉంది. అయినా మ్యాచ్ 2-2తో డ్రా. మైదానం అంచుల మీదుగా దాడి చేసే వింగ్ ఆట మీద చర్చ వస్తే నాకు ముందు గుర్తొచ్చేది ఆ మ్యాచే. పైకి లేపిన బంతి గోల్ ముందున్న బాక్స్‌లోకి చేరేసరికి సెంటర్ బ్యాక్‌లు (మధ్యలో కాసే డిఫెండర్లు) దానికి ఎదురుగా కాచుకుని ఉంటారు. తల తగిలించి అవతలికి కొడితే చాలు, గండం గడిచినట్టే. స్ట్రైకర్ మాత్రం పరుగెత్తుతూ, పక్కవాణ్ని తప్పించుకుంటూ, అదే తలతో గురి చూడాలి. ఆ పోటీలో ఎక్కువసార్లు నెగ్గేది డిఫెండరే.

లివర్‌పూల్ వింగ్‌లను వాడుకున్న తీరు వేరు. 2018-19 ప్రీమియర్ లీగ్‌లో ఆ జట్టు ఫుల్ బ్యాక్‌లు (అంచుల్లో కాసే డిఫెండర్లు) అలెగ్జాండర్-ఆర్నాల్డ్ 12, రాబర్ట్‌సన్ 11 అసిస్టులు (గోల్‌కు దారితీసిన పాస్‌లు) ఇచ్చారు. వింగర్లు సలా, మానే అంచు వదిలి లోపలికి జరిగేవారు. వాళ్లను కాయాల్సిన డిఫెండర్లూ వెంటే వెళ్లేవారు. దాంతో టచ్‌లైన్ పక్కన దారి తెరుచుకునేది. కుడి నుంచి ఎడమకు ఒక పొడవాటి పాస్ పడితే డిఫెన్స్ మొత్తం అటు జరగాలి. అది సర్దుకునేలోపే క్రాస్ వచ్చేసేది. ఫుల్ బ్యాక్‌లు ముందుకెళ్తే హెండర్సన్, వైనాల్డమ్ లాంటి మిడ్‌ఫీల్డర్లు వెనక ఖాళీలు పూడ్చేవారు. వాళ్ల కష్టం అసిస్టుల పట్టికకెక్కదు గానీ, నా దృష్టిలో సగం ఘనత వాళ్లదే.

ఆ కాపలా సడలిందా, ఫుల్ బ్యాక్ వెనక జాగా ప్రత్యర్థిదే. బంతి పోగొట్టుకున్న మరుక్షణం లాంగ్ పాస్ అటే పడుతుంది. సెంటర్ బ్యాక్ అంచుకు పరుగెత్తాలి, మధ్యలో ఒక మనిషి తగ్గుతాడు.

ఇంకో చిక్కూ ఉంది. దాడి కోసం ఎంచుకున్న ఫుల్ బ్యాక్‌కైనా డిఫెన్స్ పరీక్ష తప్పదు. 2022 మే 28, పారిస్, లివర్‌పూల్, రియల్ మాడ్రిడ్ మధ్య ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, 59వ నిమిషం. కుడివైపు నుంచి మాడ్రిడ్ ఆటగాడు వాల్వెర్దే నేలబారుగా గట్టిగా కొట్టాడు. అలెగ్జాండర్-ఆర్నాల్డ్ కళ్లు బంతి మీదే ఉన్నాయి. అతని వెనక నుంచి వచ్చిన వినీసియస్ జూనియర్ దూరపు పోస్టు దగ్గర దాన్ని లోపలికి నెట్టాడు. రియల్ మాడ్రిడ్ 1-0తో కప్పు ఎత్తుకెళ్లింది, అదీ ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పంపిన బంతితోనే. తప్పంతా అలెగ్జాండర్-ఆర్నాల్డ్ మీద వేస్తే నేను ఒప్పుకోను. ఏళ్ల తరబడి అతని పాస్‌ల మీద దాడి నడుపుకున్న జట్టు, అతని వెనక కాపలా కూడా అంతే శ్రద్ధగా చూసుకోవాలి.

2023 ఏప్రిల్‌లో లివర్‌పూల్ కోచ్ క్లోప్, బంతి తమ దగ్గరున్నంతసేపు అలెగ్జాండర్-ఆర్నాల్డ్‌ను మిడ్‌ఫీల్డ్‌లోకి జరిపాడు. అతని పాస్‌లకు మైదానం రెండువైపులా దారి దొరికింది. వెనక ఖాళీ మాత్రం అక్కడే ఉంది. దాన్ని కాయడానికి సెంటర్ బ్యాక్ కొనాటే అంచు దాకా పరుగులు తీయాల్సి వచ్చింది.