ఏడు చేతులు, ఒక్క కానుగ మొక్క

మా బిడ్డ చదివే స్కూల్లో పిల్లల వివరాలన్నీ ఏదో యాప్‌లోకి ఎక్కించారు. అందులో 'తండ్రి వృత్తి' దగ్గర ప్రభుత్వ ఉద్యోగం, ప్రైవేటు ఉద్యోగం, వ్యాపారం, వ్యవసాయం అని ఉన్నాయి. నేను చెట్లు కోయించే కాంట్రాక్టర్ని. నర్సంపేట చుట్టుపక్కల రైతుల జామాయిల్ తోటలు బేరం చేసి, కోయించి, పొట్టు తీయించి, లారీకెత్తి పేపరు మిల్లుకు పంపుతాను. దానికి యాప్‌లో చోటు లేదు. ఆఫీసులో కూర్చునే మేడమ్ మా బిడ్డనే పిలిచి అడిగిందట. "మా బాపు ఎప్పుడూ చెట్లల్లనే ఉంటడు మేడమ్. చెట్లంటే పాణం" అని చెప్పింది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మేడమ్ మాత్రం 'ఫారెస్ట్' అని కొట్టి సేవ్ చేసింది.

జులై రాగానే కరస్పాండెంట్ గారి ఫోన్. వన మహోత్సవానికి నేను ముఖ్య అతిథినట. "సార్, నేను చెట్లు కోయించేటోన్ని" అన్నాను. "మీలాంటి పెద్దలకు ఆ మాత్రం వినయం ఉంటుంది సార్" అని పెట్టేశాడు. ఫోన్లో ఎదుటివాళ్ల మాట చివరిదాకా వినే అలవాటు ఆయనకు ఫీజు బకాయి విషయంలో కూడా లేదు.

మా ఆవిడ ఒక్కటే అన్నది: "పిలిచిండ్లు కద, ఇస్త్రీ అంగి తొడుక్కొని పో."

ఆమె బాధ వేరే. ఆదివారం వస్తే నేను పిల్లలను బండి మీద ఎక్కించుకొని పాకాల చెరువుకు తీసుకుపోతాను. 1213లో గణపతిదేవుడి కాలంలో కట్టిన చెరువు, చుట్టూ అడవి. ఎండాకాలమైతే తునికి పండ్లు, మొర్రి పండ్లు ఏరుకుంటాం. ఆకు చూపిస్తే మా చిన్నోడు నల్లమద్దో ఏగిశో చెప్పేస్తాడు, ఎక్కాలు మాత్రం అడగొద్దు. "వారమంతా చెట్ల కాడనే ఉంటవ్, ఆదివారం సుత చెట్ల కాడికేనా? ఒక్కసారి హన్మకొండ తీసుకపో, చీర కొనుక్కుంట" అని ఆమె గొడవ. చెట్ల పేరు మీద నాకు సన్మానం జరుగుతుందంటే ఆమెకు కొంచెం నవ్వు, కొంచెం మంట.

సరే, పోయాను. గేటు పక్కనే ఫ్లెక్సీ. 'పచ్చదనమే ప్రాణంగా జీవించే వన ప్రేమికులు' అని, కింద నేను. ఆ ఫోటో నా వాట్సాప్ డీపీ. గూడూరు దగ్గర ఒక పాత చింతచెట్టును కోయబోయే ముందు దాని మొదట్లో నిలబడి, కోత మిషన్ పట్టుకొని దిగింది. ఫ్లెక్సీ వేసిన పిల్లగాడు మిషన్‌ను తుడిచేశాడు. చేతులు మాత్రం మిషన్ పట్టుకున్నట్టే ఉన్నాయి, ఒకటి ముందుకు, ఒకటి నడుము దగ్గర. నడుమ ఖాళీ బాగుండదు అనుకున్నాడేమో, అక్కడ ఒక తెల్ల పావురాన్ని అంటించాడు. మిషన్ గొలుసు ఉండాల్సిన చోట పావురం ముక్కు. నేను చింతచెట్టు మీదికి పావురాన్ని ఉసిగొల్పుతున్నట్టు ఉంది. మా బిడ్డ దోస్తులకు చూపిస్తోంది: "మా బాపు."

స్టేజీ సంగతి క్లుప్తంగా చెప్తాను. ఎనిమిదో తరగతి పాప ఒకతి, 1950లో కె.ఎం. మున్షీ వన మహోత్సవం మొదలుపెట్టారని కాగితం చూసి గడగడా చదివింది. శాలువా కప్పారు. మైకు ఇచ్చారు. టెన్షన్‌లో నాకు తెలిసిందే చెప్పాను: "ఏ చెట్టయినా సరే, ఒక్కసారి చుట్టూ తిరిగి చూస్తే అది ఎటు వంగుతుందో నాకు తెలుస్తుంది." ఎటు వంగుతుందో తెలిస్తేనే కదా, పడే వైపు గాటు పెట్టి వెనక వైపు నుంచి కోసేది. అది చెప్పేలోపే చప్పట్లు. తెలుగు సార్ కళ్లు తుడుచుకున్నాడు.

అసలు కథ గుంత దగ్గర.

ప్రహరీ గోడ పక్కన, సరిగ్గా కరెంటు తీగల కింద గుంత. కొత్తగా తవ్వింది కాదు, నిరుటిదే. అందులో నిరుటి మొక్క ఎండిపోయి, మెడలో 'నన్ను కాపాడండి' అన్న అట్టముక్కతో నిలబడే ఉంది. పీఈటీ సార్ దాన్ని లటుక్కున పీకి గోడ అవతలికి విసిరేశాడు. పీకినప్పుడు చూశాను, వేళ్లకు నల్ల కవరు అట్లాగే ఉంది. నర్సరీ కవరు చించకుండా నాటితే వేరు అందులోనే గుండ్రంగా చుట్టుకొని తిరుగుతుంది, నేలలోకి దిగదు. కొన్నాళ్లు ఆకు పచ్చగానే కనిపిస్తుంది. ఆ కొన్నాళ్లు ఫోటోలకు చాలు.

ఈసారి కానుగ మొక్క. దానికీ కవరు ఉంది.

"సార్, కవరు చించాలె" అన్నాను.

"ఫోటో తర్వాత" అన్నాడు కరస్పాండెంట్. "ఇప్పుడు చించితే మట్టి రాలి బట్టలు ఖరాబైతయ్."

అందరం వంగాం. మొక్క నా చిటికెన వేలంత లావు ఉంది, దాని మీద ఏడు చేతులు పడ్డాయి. కరస్పాండెంట్‌ది, ప్రిన్సిపాల్ మేడమ్‌ది, పీఈటీ సార్‌ది, తల్లిదండ్రుల కమిటీ అధ్యక్షుడిది, ఒక మాజీ కౌన్సిలర్‌ది, నాది. ఏడోది, పగడపు ఉంగరం ఉన్న చెయ్యి, వెనక నుంచి నా చంక కింది నుంచి వచ్చింది. అది ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. ఫోటో తీసే పిల్లగాడు "సార్, నవ్వుండ్రి, చెయ్యి తియ్యకుండ్రి" అని, అంతలోనే "మెమరీ ఫుల్ అయింది, ఒక్క నిమిషం" అని, తన మేనకోడలి పుట్టినరోజు వీడియోలు ఒక్కోటి చూసి మరీ డిలీట్ చేయడం మొదలుపెట్టాడు. ఎవరూ లేవలేదు. లేచినవాడి చెయ్యి మొక్క మీద నుంచి పోతుంది, పోతే రేపు పేపర్లో ఉండదు. మాజీ కౌన్సిలర్‌కు మోకాళ్ల నొప్పులు, ఆయన బరువంతా మెల్లగా నా భుజం మీదికి వచ్చింది. శాలువా జారి గుంతలో పడింది. నేను పైకి చూస్తే తీగలు. ఇక్కడ కానుగ బతికితే అయిదారేళ్లలో తీగలకు అందుతుంది, అప్పుడు కొమ్మలు కొట్టడానికి పిలిచేది మళ్లీ నన్నే. ఆ రేటు ఎంత చెప్పాలో కూడా వంగినచోటే లెక్క వేసుకున్నాను.

అప్పుడు వినపడింది, పిల్లల వరుస వెనక నుంచి. ఏ పాప తాతనో, మా పక్క ఊరి రైతు. చేతికర్ర పైకెత్తి, పొలం గట్టు మీద నుంచి పిలిచినంత గొంతుతో:

"ఓ మిషన్ కాంట్రాక్టరూ! నువ్వు ఈడ మొక్కలు పెట్టుకుంట కూసుంటె మా బాయి కాడి యాపచెట్టు ఎప్పుడు కోత్తవ్? అడ్వాన్సు తీసుకపోయి ఎన్ని దినాలైతాంది!"

పీఈటీ సార్ మెడలో మైకు ఆన్‌లోనే ఉందేమో, ఆ మాట గ్రౌండ్ అంతా మోగింది. పిల్లలు ముందు నవ్వారు. తర్వాత టీచర్లు. కరస్పాండెంట్ నా వైపు తిరిగాడు, చెయ్యి మాత్రం మొక్క మీద నుంచి తియ్యలేదు. "మీరు ఫారెస్టు కాదా?" అన్నాడు. ఫోన్లో చెప్పిన మాటే మళ్లీ చెప్పాను. "మరి యాప్‌లో అట్లనే ఉన్నది కదా" అన్నాడు, తన ఎదురుగా వంగి ఉన్న నాకంటే ఆ యాప్‌నే నమ్ముతున్నట్టు. ఉంగరం చెయ్యి నా చంక కింది నుంచి మెల్లగా వెనక్కి పోయింది. సరిగ్గా అప్పుడే పిల్లగాడు "రెడీ" అని ఫోటో కొట్టాడు.

ఆ ఫోటోలో నా ముఖం లేదు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టేటప్పుడు భుజం దాకా కత్తిరించారు. చెయ్యి మాత్రం మొక్క మీద ఉండిపోయింది, అది తీస్తే మొక్క కూడా పోతుందని వదిలినట్టున్నారు. ఫ్లెక్సీ మధ్యాహ్నానికే లేదు. మా ఆవిడ అడిగింది, ఆ గుడ్డ దొరికితే పొట్టు గోనెల మీద కప్పుకోవచ్చు కదా అని. శాలువా తిరిగివ్వమని ఎవరూ అడగలేదు, మట్టి అంటింది కాబట్టి. యాపచెట్టు మరునాడే కోయించాను. పెద్దాయన చాయ్ తాగించి, "స్కూల్ల బాగనే మాట్లాడినవట కదా" అన్నాడు.

నాకు ఆ కవరు మాత్రం మనసులో కెలుకుతూనే ఉంది. నిన్న బిడ్డను దింపడానికి పోయినప్పుడు గుంత దగ్గరికి పోయి చూశాను. కానుగ పచ్చగా ఉంది, కవరు అట్లనే ఉంది. జేబులో చాకు తీసి కూర్చున్నానో లేదో, వాచ్‌మన్ విజిల్ ఊదుకుంటూ వచ్చాడు.

"ముట్టుకోవద్దు సార్."

"కవరు చించుతా అంతే. రెండు నిమిషాలు."

"మొక్కలు ముట్టుకోవాలంటే పర్మిషన్ ఉండాలె. కొత్త రూలు."

టేకు సొంత పొలంలో ఉన్నా కొట్టడానికి అటవీ శాఖ అనుమతి కావాలి, దుంగ మీద వాళ్ల సుత్తి ముద్ర పడాలి. ఆ కాగితాల కోసం తిరిగీ తిరిగీ నా చెప్పులు అరిగాయి, అయినా అది ఎందుకో నాకు అర్థమవుతుంది. బతికించడానికి కూడా దరఖాస్తు ఉంటుందని మాత్రం ఇప్పుడే తెలిసింది.

"ఎవరిస్తరు పర్మిషన్?"

"ప్రిన్సిపాల్ మేడమ్ సంతకం పెట్టాలె. మేడమ్ సెలవుల ఉన్నది. సోమవారం రాండ్రి" అన్నాడు, "వచ్చేటప్పుడు ఆధార్ జిరాక్స్ తెచ్చుకోండ్రి."