గొడవ బ్రాకెట్లతో కాదు, డబ్బాతో

లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషల కుటుంబం పేరెత్తితే చాలు, అందరూ బ్రాకెట్ల మీద జోకులు వేస్తారు. వారం రోజులు రాస్తే అవి కంటికి ఆనవు, జత చూసి మూసే పని ఎడిటర్‌దే. నన్ను ఏడిపించింది వేరే. కాలేజీలో మొదటి వారమే బుర్రకెక్కించిన "వేరియబుల్ అంటే డబ్బా, లోపలి విలువ తీసేసి కొత్తది పెట్టొచ్చు" అన్న పాఠం.

నేను మొదలుపెట్టింది క్లోజర్‌తో, 2007లో రిచ్ హికీ విడుదల చేసిన లిస్ప్ అది. ఇలా రాశాను (చదవడానికి తేలికగా తెలుగు లిపిలో ఇస్తున్నాను; డెఫ్ అంటే పేరు పెట్టడం, కాంజ్ అంటే చేర్చడం):

(డెఫ్ సరుకులు ["బియ్యం" "కందిపప్పు"])
(కాంజ్ సరుకులు "చింతపండు")

మూడు సరుకులూ తెరపై కనిపించాయి. సంతోషించి "సరుకులు" అని మళ్లీ కొడితే రెండే! చింతపండు ఏమైంది? నాలుగుసార్లు కొట్టాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను కూడా.

చింతపండు ఎక్కడికీ పోలేదు. కాంజ్ నా జాబితాను ముట్టుకోనే లేదు, మూడు సరుకులున్న కొత్త జాబితా చేతికిచ్చింది. దానికి నేను పేరు పెట్టుకోలేదు, అంతే. మరి పది లక్షల సరుకులుంటే ప్రతిసారీ అంతా నకలు తీస్తుందా? తీయదు. చదరపు బ్రాకెట్లలో రాసిన ఇలాంటి జాబితాను వెక్టర్ అంటారు. దాని లోపల ఒక చెట్టు, ఒక్కో కణుపుకు 32 కొమ్మలు. పది లక్షలకు నాలుగు అంచెలు చాలు. మారిన దారి మాత్రమే కొత్తది, మిగిలిన చెట్టు పాతా కొత్తా రెండింటికీ ఉమ్మడి ఆస్తి.

అదే కాంజ్‌ను లిస్ట్ అనే మరో రకం జాబితా మీద వాడితే కొత్త సరుకు ముందుకొచ్చి కూర్చుంటుంది. నేను చూసిన పాఠంలో "గుర్తుపెట్టుకోండి" అని దాటేశారు. బట్టీ ఎందుకండీ? లిస్ట్‌ను తల దగ్గర నుంచే అందుకోగలం కాబట్టి ముందు చేర్చడం సులువు. వెక్టర్‌కు చివర సులువు. ఈ రెండు వాక్యాలు చెప్పడానికి ఏం పోయింది?

కోడ్‌లో ఒక చోటు వరకే చెల్లే పేరు పెట్టే లెట్ సంగతీ ఇంతే. మా వీధిలో ముగ్గురు బుజ్జిలున్నారు. ఎవరింట్లో నిలబడి "బుజ్జీ" అంటే ఆ ఇంటి బుజ్జే పలుకుతుంది. గడప దాటి వస్తే ఆ పిలుపు మరొకరిది. లోపలి లెట్‌లో పేరు మళ్లీ పెట్టినా బయటి విలువ చెక్కుచెదరకపోవడం ఇదే. పేర్లు పెట్టి పిలుచుకునే మనకు ఇది చంటిపిల్లల పాఠం. డబ్బా అనుకున్నవాడికి మాత్రం పాతది కొట్టేసి కొత్తది రాసినట్టే తోస్తుంది.

నిజంగా మారే విషయాలకు, లోపలి విలువ మార్చుకోగల ఆటమ్ ఉంది, కాదనను. కానీ దాన్ని మొదటి రోజే చేతికివ్వడం నాకు నచ్చదు. మొన్న ఒక కుర్రాడు కోడ్ చూపించాడు. ఇరవై లైన్లలో ఏడు ఆటమ్‌లు. "ఇవన్నీ ఏమిటి బాబూ?" అంటే, "వేరియబుల్స్ అన్నా" అన్నాడు.